చలికాలానికి వింటర్ టైర్లు కావాలా? కడప, డిజైర్

కడప_డిజైర్:
అన్నలకు నమస్కారం. నాది 2018 డిజైర్ జెడ్‌ఎక్స్‌ఐ. ఇప్పటికీ కంపెనీ టైర్లే, సైజు 185/65 ఆర్15. బండి పెద్దగా తిరగలేదు, నలభై వేల కిలోమీటర్లు దాటలేదు. గాడులు బాగానే ఉన్నాయి కానీ పక్కల సన్నటి పగుళ్లు కనిపిస్తున్నాయి. ఈ చలికాలమంతా పని మీద తరచూ రాయచోటికి పోవాలి. తెల్లవారుజామున గువ్వలచెరువు ఘాట్‌లో పొగమంచు, తడి రోడ్డు, ముందర లారీలు. మొన్న వానలో ఒక మలుపు దగ్గర బ్రేకు తొక్కితే వెనకభాగం పక్కకు జరిగినట్టయింది. అప్పటినుంచి టెన్షన్‌గా ఉంది.

మాంట్రియల్‌లో ఉండే మా బావకు చెబితే, "వింటర్ టైర్లు వేయించుకో, ఇక్కడ అవి లేకుండా తిరిగితే ఫైన్ వేస్తారు" అన్నాడు. ఇక్కడ ఒక షాపులో అడిగితే నవ్వారు. ఇంకో షాపతను ఎం ప్లస్ ఎస్ అని రాసున్న టైరు చూపించి ఇదే వింటర్ టైరు అన్నాడు. ఎవరి మాట నమ్మాలి? పాతిక వేల దాకా పెట్టగలను. నాలుగూ మార్చాలా, రెండు చాలా?

ప్రొద్దుటూరు_టు_ఒట్టావా:
మీ బావ చెప్పింది ఆయన ఊరికి నిజమే. క్యూబెక్‌లో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు ఉండాలని చట్టం. నేనుండే ఒంటారియోలో చట్టం లేదు, అయినా మా వీధిలో అందరూ వేయిస్తారు. ఎందుకంటే, ఉష్ణోగ్రత ఏడు డిగ్రీల కిందికి పోతే మామూలు టైరు రబ్బరు గట్టిపడి రోడ్డును పట్టుకోదు. వింటర్ టైరు రబ్బరు ఆ చలిలోనూ మెత్తగానే ఉంటుంది, పైన సన్నటి కోతలు చాలా ఉంటాయి, అవి మంచును పట్టుకుంటాయి. ఏప్రిల్ వచ్చిందంటే వాటిని విప్పి షెడ్డులో పెట్టేస్తాం.

ఎం ప్లస్ ఎస్ అంటే బురద, మంచు అని. అది కంపెనీ తనకు తానే వేసుకునే గుర్తు, దానికి మంచు మీద పరీక్ష ఏమీ అక్కర్లేదు. పరీక్ష పాసైన టైరు మీద మూడు శిఖరాల కొండ, అందులో మంచు రేకు బొమ్మ ఉంటుంది. కడపలో మాత్రం ఆ బొమ్మ కోసం వెతకొద్దు. మన మే నెల రోడ్డు మీద ఆ మెత్తటి రబ్బరు ఇట్టే అరిగిపోతుంది, పైగా వేడిలో బ్రేకు కూడా సరిగ్గా పడదు.

టైర్ల_షాపు_కర్నూలు:
తమ్ముడూ, మన దగ్గర ఏడు డిగ్రీలకు దిగిన రోజు నాకైతే గుర్తు లేదు. నీ చలికాలం అంటే మంచు కాదు, తడి. కడప వైపు ఈశాన్య రుతుపవనాల వాన పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే కదా. కాబట్టి తడిలో బాగా పట్టే మామూలు రోడ్డు టైరు చూసుకో. కొనేటప్పుడు "లక్ష కిలోమీటర్లు వస్తుందా" అని ఒక్కటే అడగొద్దు. ఎక్కువ మన్నడం కోసం గట్టి రబ్బరుతో చేసిన టైరు తడిలో అంత బాగా పట్టకపోవచ్చు. ఎంఆర్ఎఫ్, అపోలో, సియట్, బ్రిడ్జ్‌స్టోన్ అన్నిట్లో నీ సైజు దొరుకుతుంది. ఒక్కో కంపెనీలోనే నాలుగైదు రకాలుంటాయి, అందుకే పేరు చూసి కాదు, రకం చూసి కొనాలి.

సైజు మార్చొద్దు. దాని పక్కన 88హెచ్ లాంటిది ఉంటుంది. 88 అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుంది, హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుంది. పాతదాని మీద ఏముందో చూసుకో, అంతకు తక్కువ మాత్రం వద్దు.

ఇప్పుడు నీ అసలు జబ్బు. గాడుల మధ్య అక్కడక్కడా చిన్న దిమ్మెలుంటాయి, వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. రబ్బరు అరిగి వాటితో సమానమైతే టైరు పని అయిపోయినట్టే. వానలో అంతదాకా ఆగకూడదు, మూడు మిల్లీమీటర్లకు వచ్చినప్పుడే ఆలోచించాలి. నీ దాంట్లో గాడులున్నా పగుళ్లు వచ్చాయి అంటే అది వయసు. ఎండలో నిలబెట్టే బండికి తిరగకపోయినా రబ్బరు ముసలిదవుతుంది. పక్కన డాట్ అని ఉన్న వరుసలో చివరి నాలుగు అంకెలు చూడు. 2223 అంటే 2023లో 22వ వారం తయారీ. బయట కనిపించకపోతే లోపలి వైపు ఉంటుంది, టార్చి వేసి చూడు.

రెండే మార్చేవాళ్లు చాలామంది కొత్తవి ముందర వేయించుకుంటారు, ఇంజిన్ లాగేది ముందరి చక్రాలే కదా అని. కొత్త జత వెనకే ఉండాలి. తడిలో ముందు జారితే యాక్సిలరేటర్ వదిలితే మళ్లీ దారికొస్తుంది. వెనక జారితే బండి బొంగరంలా తిరుగుతుంది, ఘాట్‌లో దాన్ని సరిదిద్దే చోటే ఉండదు. నీకు జారింది వెనకే కదా. అయినా నీ నాలుగూ ఒకే వయసువి, నాలుగూ మార్చు. అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ చేయించు. నైట్రోజన్ పెట్టమంటే పెట్టుకో, లేకపోతే మానేయ్, మామూలు గాలిలోనే 78 శాతం అదే.

అనంత_44:
గాలి సంగతి ఒకటి. మధ్యాహ్నం బంకులో, అప్పటికే తిరిగి వేడెక్కిన టైర్లలో కొట్టించుకుంటే తెల్లారి తక్కువుంటుంది. ఐదారు డిగ్రీలు చల్లబడితే సుమారు ఒక పీఎస్ఐ తగ్గుతుంది. బండి తీయకముందు చల్లగా ఉన్నప్పుడే చూసి, డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్లో ఉన్నంత పెట్టు. పొగమంచులో మాత్రం ఏ టైరూ కళ్లు తెరిపించదు. హైబీమ్ ఆపెయ్, లారీకి దూరంగా పో. ఘాట్ దిగేటప్పుడు రెండో గేరు. దారిలో గువ్వలచెరువు పాలకోవా కోసం ఎలాగూ ఆగుతావు.

కడప_డిజైర్:
టార్చి వేసి చూశాను. ముందరివి రెండూ, వెనక ఒకటి 2018వే. నాలుగోది 2021, పంక్చర్లు ఎక్కువై అప్పట్లో మార్చిన సంగతి మర్చిపోయి అన్నీ కంపెనీవే అన్నాను. మరి ఆ ఒక్కటీ ఉంచుకోవచ్చా?

టైర్ల_షాపు_కర్నూలు:
దానికి పగుళ్లు లేకపోతే, స్టెప్నీ చక్రం కూడా అదే సైజైతే, స్టెప్నీకి పెట్టు. ఇప్పుడు స్టెప్నీలో ఉన్నది కూడా 2018దే అయ్యుంటుంది, దాన్ని పాత మూడింటితో పాటు షాపులో ఇచ్చేయ్. కొత్త నాలుగూ బిగించకముందే తయారీ వారం చూసుకో. ఏడాది దాటిన స్టాకైతే వేరేవి తెప్పించమను.