మా పిల్లలకు గోర్ బోలి (మా లంబాడీ భాష) రావట్లేదు, లకోటా వాళ్లు ఏం చేశారో తెలిసినవాళ్లు చెప్పండి

దేవరకొండ తాండా:
అందరికీ రామ్ రామ్. మాది దేవరకొండ దగ్గర తాండా, ఉద్యోగం వల్ల నల్లగొండలో ఉంటున్నాను. పోయిన వారం మా యాడి (అమ్మ) వచ్చి చిన్నదానితో గంటసేపు గోర్ బోలిలో మాట్లాడింది. అది తెలిసిన కాడికి తెలుగులో జవాబిచ్చింది, తెలియనప్పుడల్లా నా మొఖం చూసింది. యాడికి తెలుగు వస్తుంది కానీ కథ చెప్పేంత రాదు. పడుకునే ముందు "నా మనవరాలికి నేను చుట్టాన్నైన బిడ్డా" అన్నది. అప్పటి నుంచి నాకు నిద్ర పట్టట్లేదు. స్కూల్లో ఇంగ్లీష్‌కు అడ్డం వస్తుందని ఇంట్లో తెలుగే మాట్లాడింది నేనూ నా భార్యే.

2011 జనాభా లెక్కల్లో లంబాడీ మాట్లాడేవాళ్లు 32 లక్షల పైనే ఉన్నారు (అది కూడా హిందీ కింద కలిపి రాశారు). ఇంతమంది ఉండగా ఏమవుతుందిలే అనుకునేవాడిని, ఇప్పుడు మా ఇంట్లోనే చూస్తున్నాను. అమెరికాలో లకోటా, డకోటా అనే ఆదివాసీ తెగలు తమ భాషలను మళ్లీ నిలబెడుతున్నాయని చదివాను. వాళ్లు మొదట ఏ పని పట్టుకున్నారు, పుస్తకమా, యాప్ లాంటిదా, బడా? ఎండాకాలం సెలవుల్లో తాండాలో ఏదైనా మొదలుపెట్టాలని ఉంది.

మిర్యాలగూడ టు రాపిడ్ సిటీ:
తమ్ముడూ, నేను ఆరేళ్లుగా సౌత్ డకోటాలో ఉంటున్నాను, లకోటా వాళ్ల పైన్ రిడ్జ్ రిజర్వేషన్ మాకు దగ్గరే. ఇక్కడ రిజర్వేషన్ అంటే మన కోటా కాదు, తెగకు మిగిలిన భూమి. ముందు ఆ భాష ఎలా పోయిందో తెలిస్తే నీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. 1879లో పెన్సిల్వేనియాలో కార్లైల్ అనే చోట ఒక బోర్డింగ్ స్కూల్ పెట్టి, పైన్ రిడ్జ్, రోజ్‌బడ్ అనే రిజర్వేషన్ల నుంచి లకోటా పిల్లలను రైల్లో అంత దూరం తీసుకుపోయారు. జుట్టు కత్తిరించారు, పేర్లు మార్చారు, సొంత భాష మాట్లాడితే శిక్ష. తర్వాత అలాంటి బడులు దేశమంతా వచ్చాయి. అక్కడ దెబ్బలు తిన్న పిల్లలు పెద్దవాళ్లై, మన పిల్లలకు ఈ బాధ వద్దని ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడారు. డకోటా వాళ్లది ఇంకా ఘోరం. అమెరికా ప్రభుత్వంతో జరిగిన 1862 యుద్ధం తర్వాత మంకేటో అనే ఊళ్లో ఒకే రోజు 38 మందిని ఉరి తీశారు, మరుసటి ఏడాది తెగను మిన్నెసోటా నుంచే వెళ్లగొట్టారు. ఇవాళ ఆ రాష్ట్రంలో డకోటా ఉయ్యాల్లో నేర్చుకున్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. లకోటా పుట్టుకతో వచ్చినవాళ్లు సుమారు 2 వేల మంది అంటారు, ఎక్కువమంది ముసలివాళ్లే.

రెండూ ఒకదానికొకటి బాగా దగ్గర, లకోటాలో ల వచ్చే చాలా చోట్ల డకోటాలో డ వస్తుంది, పేర్లలోనే తెలిసిపోతుంది కదా.

ఇక వాళ్లు చేసిందంటావా, అన్నీ చేశారు. 2008లో పెద్ద నిఘంటువు వచ్చింది, 2011లో ఎలుగుబంట్ల కుటుంబం ఉన్న పిల్లల కార్టూన్ 20 ఎపిసోడ్లు లకోటాలో డబ్ చేశారు. కానీ నాకు అన్నిటికంటే గట్టి పని అనిపించింది 2012లో స్టాండింగ్ రాక్ అనే ఇంకో రిజర్వేషన్‌లో, సిట్టింగ్ బుల్ కాలేజీలో పెట్టిన చిన్నపిల్లల బడి. దాన్ని 'గూడు' అంటారు. న్యూజిలాండ్‌లో మావోరీలు 1982లో మొదలుపెట్టిన పద్ధతి అది. మూడేళ్ల పిల్లలు వస్తారు, ఆట, అన్నం, నిద్ర అంతా లకోటాలోనే, పాఠంగా చెప్పరు. కష్టమల్లా, భాష బాగా వచ్చిన అవ్వలు మూడేళ్ల పిల్లల వెంట రోజంతా పరిగెత్తలేరు, పరిగెత్తగలిగే యువకులకు భాష సరిగా రాదు. అందుకే ముందు టీచర్లకూ పెద్దవాళ్లకూ నేర్పాల్సి వచ్చింది, 2007 నుంచి అదే కాలేజీలో ఎండాకాలం శిబిరాలు పెట్టారు. మీ తాండాలో ముప్పై ఏళ్లవాళ్లు కూడా ఇంకా మాట్లాడుతున్నారు. వాళ్లకు లేనిది, మీకున్నది అదే, దయచేసి పోగొట్టుకోకండి.

అచ్చంపేట రిటైర్డ్ టీచర్:
బాబూ, ఒక్క మాట గట్టిగా చెప్తాను. మీ యాడి కథలు, పాటలు రికార్డు చేయి, కానీ అవి ఎవరి దగ్గర ఉంటాయో ముందే తేల్చుకో. లకోటా పెద్దలు ఏళ్ల తరబడి తమ గొంతులు ఇచ్చారు, వాటితో బయటి సంస్థ తయారుచేసిన పాఠ్యపుస్తకాలకు కాపీరైట్ ఆ సంస్థదైంది. మా అవ్వ మాటలు మేమే కొనుక్కోవాలా అని గొడవ లేచి, చివరికి స్టాండింగ్ రాక్ తెగ కౌన్సిల్ ఆ సంస్థను బహిష్కరించింది. పైన చెప్పిన నిఘంటువు వేసింది కూడా ఆ సంస్థే, ఆ పని చిన్నదని నేను అనను, కానీ తమ మాటలు ఇచ్చినవాళ్లకు వాటి మీద హక్కు లేకపోవడం అన్యాయం. లిపి గురించి టెన్షన్ పడకు. వాళ్లలో స్పెల్లింగ్ గురించి ఇప్పటికీ ఒక్క మాట మీద లేరు. నువ్వు తెలుగు అక్షరాల్లో రాసుకో, పని ఆపకు.

కల్వకుర్తి అక్క:
తమ్ముడూ, మాదీ తాండానే. నేను చదివిన హాస్టల్‌లో నా మాట విని నవ్వేవాళ్లు, ఎనిమిదో తరగతికల్లా మానేశాను, సెలవులకు ఇంటికి పోయినా నోరు తిరిగేది కాదు. నన్ను ఎవరూ కొట్టలేదు, అయినా లకోటా పిల్లలకు జరిగిందే నాకూ జరిగింది. ఇప్పుడు రెండేళ్లుగా మా బాబుతో పొద్దు గూకినప్పటి నుంచి అన్నం తినేదాకా గోర్ బోలి తప్ప ఇంకోటి మాట్లాడను. క్లాసు అంటే పిల్లలు పారిపోతారు. బాటి (రొట్టె) చేసేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకో, పిండి తెమ్మను, పాణి పొయ్యమను. తీజ్‌కు ఆడపిల్లలు గోధుమ మొలకలకు నీళ్లు పోస్తూ తొమ్మిది రోజులు పాడతారు కదా, మీ చిన్నదాన్ని పూర్తిగా ఆ తొమ్మిది రోజులూ తాండాలోనే ఉంచు. మీ అంగన్‌వాడీ ఆయమ్మ లంబాడీ అయితే ఆమెతో మాట్లాడు, కొత్తగా బడి కట్టే పనే ఉండదు.

దేవరకొండ తాండా:
అందరికీ దండం. సార్, రికార్డింగులు మా తాండా వాళ్ల దగ్గరే ఉంచుతాను. అన్నా, నేను పుస్తకం వేద్దామనుకున్నాను, మీ మాట చదివాక అది పక్కన పెట్టాను. ఎండాకాలం దాకా ఆగను, ఆదివారం యాడిని నెలరోజులకు తీసుకొస్తున్నాను, అంగన్‌వాడీ సంగతి తాండాకు పోయినప్పుడు అడుగుతాను. అక్కా, మొదట్లో బాబు అర్థం కాక ఏడ్చాడా? అప్పుడు మీరు తెలుగులోకి మారారా?

కల్వకుర్తి అక్క:
మొదటి నెల రోజూ ఏడ్చాడు. మారలేదు. చేత్తో చూపించాను, వాడు నవ్వేదాకా మళ్లీ మళ్లీ అదే మాట అన్నాను. యాడి వచ్చాక నువ్వు మధ్యలో తెలుగు చేసి చెప్పకు, ఆ ఇద్దరినీ వదిలెయ్.