సమస్యాపూరణం: పువ్వు పూయని నాచె పో పూల రాణి

మిత్రులారా, ఈసారి సమస్య తేటగీతి పాదము. హిమాలయ ప్రాంతాలలో చాలా ఎత్తున అరుదుగా కనిపించే టకాకియా అనే నాచును, ప్రతి పెరటిలోనూ పూచే మందారంతో పోలుస్తూ పూరించవలసిందిగా మనవి.

మొదటి పూరణ

పొద్దు పొడుపున పూచును, పొద్దు వాల
వాడు మందార, మీ నాచు వత్సరముల
కోట్ల నాటిది, హిమగిరి కొనల నిలుచు
పువ్వు పూయని నాచె పో పూల రాణి

రెండవ పూరణ

కాయ కాయదు మందార కాంత యెపుడు
కొమ్మ నాటినఁ గాని యా కులము లేదు
విత్తు లేకయె గాలికి బిడ్డ నిచ్చు
పువ్వు పూయని నాచె పో పూల రాణి

సమీక్ష

మొదటి పూరణలో ధార బాగున్నది. టకాకియా వంశం సుమారు 39 కోట్ల సంవత్సరాల నాటిదని 2023లో వెలువడిన పరిశోధన చెబుతున్నది కనుక "కోట్ల నాటిది" అనడంలో అతిశయోక్తి లేదు. నిజానికి హిమగిరి పుట్టకముందే ఈ నాచు ఉన్నది, కవిగారు ఆ అవకాశాన్ని వదులుకున్నారు. అయితే వయసు చెప్పినంత మాత్రాన పూలరాణి ఎలా అయిందో తేలలేదు. పూయనిదే పూలరాణి అన్న సమస్యలోని విరోధం విడిపోకపోతే అది స్తుతి అవుతుంది గాని పూరణ కాదు.

రెండవ కవయిత్రిగారు పువ్వు పని సంతానమేనని పట్టుకొని ముడి విప్పారు. విత్తు–బిడ్డ యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ కుదరవలసిన అక్షరమైత్రి) గురించి ఒకరు సందేహించారు. బ-వలకు అభేదం ఉన్నది కనుక చెల్లుతుంది. చిక్కు వృక్షశాస్త్రంలోనే వచ్చింది. గాలికి ఇచ్చే ఆ "బిడ్డ" బీజాంశం, అంటే విత్తు లేని మొక్కలు వెదజల్లే సూక్ష్మమైన కణం. టకాకియాకు బీజాంశాల సంచి 1990ల ఆరంభంలో అలూషియన్ దీవులలో దొరికే వరకు అది నాచేనా అన్నదే వివాదంగా ఉండేది. పెళుసైన ఆకులు, రెమ్మలు విరిగిపడి మొలకెత్తడమే దానికి ప్రధానమైన దారి. అంటే మందారం కొమ్మను ఎత్తిపొడిచిన మాట నాచుకూ తగులుతున్నది. పైగా ఒంటిరేకు మందారాలలో కొన్ని కాయ కాస్తాయి కాబట్టి "యెపుడు" నిలవదు.

కవయిత్రి సవరణ

అయ్యా, తమ సూచన శిరోధార్యం. మందారానికి కొమ్మ నాటే చేయి ఒకటి కావాలి, నాచుకు అక్కరలేదు అన్న భేదం మీద నిలిపి మార్చాను.

కాయ కాయదు మందార కాంత తఱచు
కొమ్మ నాటినఁ గాని యా కులము లేదు
ఆకు తునిగినఁ దానొక్క టగును మొలక
పువ్వు పూయని నాచె పో పూల రాణి

సమీక్ష

ఇప్పుడు చక్కగా కుదిరింది. "తానొక్కటి" అన్న చోటే పూరణ బలమంతా ఉన్నది.