కణితి రిపోర్టులో ‘జన్యు మార్పు’ అని ఉంటే పిల్లలకు వస్తుందా?

అక్కకోసం:
మా అక్కకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. రేడియేషన్, కీమో అయ్యాక తిరగబెట్టింది. కణితి ముక్కను జన్యు పరీక్షకు పంపితే పీఐకే3సీఏ అనే జన్యువులో ‘ఈ545కె’ అనే మార్పు ఉందనీ, పీ53 అనే జన్యువులో మార్పు లేదనీ వచ్చింది. అత్తవారింట్లో అప్పుడే ‘పుట్టింటి వంశంలోనే ఉంది’ అంటున్నారు. అక్కకు ఇద్దరూ ఆడపిల్లలే. తెలిసినవారు చెప్పగలరా?

ల్యాబ్ మనిషి:
కణితిలో కనిపించిన మార్పు పుట్టుకతో వచ్చిందని అనుకోనక్కరలేదండీ. ఈ545కె ఈ క్యాన్సర్‌లో తరచూ కనిపించేదే. వైరస్ డీఎన్ఏను పాడుచేయడానికి మన కణాల్లో అపోబెక్ ఎంజైములుంటాయి. అవి గురితప్పి మన డీఎన్ఏ మీదే పడితే ఇలాంటి మార్పులు వస్తాయని భావిస్తున్నారు. ఆ తర్వాత పెరగమనే సంకేతం కణానికి ఆగకుండా అందుతుంది.

పీ53 సంగతి వేరు. జన్యువు బాగానే ఉన్నా, దాన్నుంచి వచ్చే, కణాన్ని క్యాన్సర్ కాకుండా కాపాడే ప్రొటీనును హెచ్‌పీవీ (ఈ క్యాన్సర్‌కు ప్రధాన కారణమైన వైరస్) వారి ఈ6 ప్రొటీను ఎప్పటికప్పుడు నాశనం చేయిస్తుంది. ఆ వైరస్‌దే ఈ7 అనే మరో ప్రొటీను వెళ్లి, కణ విభజనకు కళ్లెం వేసే ఆర్‌బీ ప్రొటీనును పట్టుకుంటుంది. 1951లో హెన్రియెట్టా లాక్స్ అనే అమెరికా మహిళ ముఖద్వార కణితి నుంచి తీసిన హీలా కణాల్లోనూ పీ53 జన్యువు సవ్యమైనదే. అక్కడ హెచ్‌పీవీ-18 డీఎన్ఏ 8వ క్రోమోజోములో కణం పెరుగుదలను నడిపే మిక్ జన్యువుకు దగ్గరగా దూరి దాన్ని రెచ్చగొట్టింది. ఆ కణాలు నేటికీ ప్రయోగశాలల్లో పెరుగుతున్నాయి.

వరంగల్ వదిన:
మా అమ్మ రిపోర్టులో ‘పీ16 పాజిటివ్’ చూసి ఇంటిల్లిపాదీ హడలిపోయాం. అది మ్యుటేషనే కాదట, పీ16 అనే ప్రొటీను ఎక్కువగా ఉండటమట, ఆర్‌బీని వైరస్ అడ్డుకుందనడానికి ఆనవాలట. ఆ ముక్క ముందే చెబితే డాక్టరు గారి సొమ్మేం పోయేది?

ఖర్చులెక్క:
నాదొకటే ప్రశ్న. ఆ పరీక్షకు బోలెడు పోశాం, మందు మాత్రం మారలేదు.

ల్యాబ్ మనిషి:
మీ కోపం న్యాయమే. పీఐకే3సీఏ మార్పుకు ఇచ్చే ఆల్పెలిసిబ్ అనే మందు అనుమతి పొందింది రొమ్ము క్యాన్సర్‌కు, దీనికి కాదు. తిరగబెట్టినప్పుడు పెంబ్రోలిజుమాబ్ (రోగనిరోధక శక్తిని కణితి మీదికి ఉసిగొలిపే మందు) ఇవ్వాలా వద్దా తేల్చడానికి చూసేది కణితిలో పీడీ-ఎల్1 అనే ప్రొటీను ఉందా అని. ఆ పరీక్ష చేశారో లేదో అడగండి.

అక్కకోసం:
ఈ మార్పు ఉంటే త్వరగా పాకుతుందా?

ల్యాబ్ మనిషి:
ఆ ఒక్కదాన్ని చూసి చెప్పలేం. కణితి పరిమాణం, లింఫు గ్రంథులకు చేరిందా లేదా అన్నవే డాక్టర్లు ముందు చూస్తారు. ఎస్‌టీకే11 జన్యువు పోయిన కణితులు త్వరగా ముదిరినట్లు కొన్ని పరిశోధనల్లో కనిపించింది. వంశపారంపర్యం గురించి నిజంగా ఆలోచించాల్సిందీ అక్కడే: పుట్టుకతోనే అది దెబ్బతింటే ప్యూట్స్-జెగర్స్ జబ్బు వస్తుంది. పెదవుల మీద నల్లమచ్చలు, పేగుల్లో పాలిప్స్ (చిన్న కండ పెరుగుదలలు) ఉంటాయి. వీరిలో అరుదైన రకం ముఖద్వార క్యాన్సర్ రావచ్చు. మీ ఇంట్లో ఎవరికైనా అలా ఉందా?

అక్కకోసం:
లేదండీ. పెద్దమ్మాయికి పదహారు, చిన్నదానికి పన్నెండు.

వరంగల్ వదిన:
అయితే ఇద్దరికీ హెచ్‌పీవీ టీకా వేయించమ్మా. 15 దాటితే సాధారణంగా మూడు డోసులు, చిన్నదానికి అంతకంటే తక్కువ చాలు. అత్తవారు గొణిగితే ఈ చర్చ చదివి వినిపించు.