నవంబర్ సినిమా సాయంత్రం: ఎవరేం పని తీసుకుంటున్నారో ఇక్కడే చెప్పండి

కోఆర్డినేటర్: అందరికీ నమస్తే. హాల్ ఖరారైంది, సాయంత్రం 5 నుంచి 9, కుర్చీలు 80. సినిమా 'మెన్షెన్ ఆమ్ జోన్‌టాగ్' (అంటే 'ఆదివారం నాటి మనుషులు'), 1930లో రిలీజైన మూకీ, మన బెర్లిన్‌లోనే తీసింది. ఆదివారం చెరువు దగ్గరికి షికారెళ్ళిన కుర్రకారు కథ, యాక్టర్లు కూడా కాదు, నిజంగా టాక్సీ తోలేవాడే టాక్సీవాడిగా, రికార్డులమ్మే అమ్మాయే ఆ అమ్మాయిగా వేశారు. మొగుడూ పెళ్ళాం పోట్లాడుకుని ఒకళ్ళ హీరోల ఫొటోలు ఇంకొకళ్ళు చింపేసుకునే సీనుంది, మనవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ఫుడ్ టీమ్: అన్నా, టాపిక్ యూదు సినిమావాళ్ళని నాజీలు తరిమేయడం అన్నారు, ఇందులో నాజీలెక్కడున్నారు?

కోఆర్డినేటర్: లేరక్కా, తీసినవాళ్ళని చూడు. రాబర్ట్ సియోడ్‌మాక్, తమ్ముడు కర్ట్, ఉల్మర్, బిల్లీ వైల్డర్, కెమెరా షుఫ్టాన్, అసిస్టెంట్ జిన్నెమాన్, అందరూ యూదులే. జిన్నెమాన్ ముందే అమెరికా వెళ్ళిపోయాడు, వైల్డర్ 1933లో పార్లమెంటు తగలబడ్డాక పారిస్ రైలెక్కాడు, సియోడ్‌మాక్ సినిమా మీద నాజీల ప్రచార మంత్రి గోబెల్సే విరుచుకుపడితే ఆయనా పోయాడు. వైల్డర్ వాళ్ళమ్మనీ జిన్నెమాన్ అమ్మానాన్నల్నీ తర్వాత చంపేశారు.

ముందు 10 నిమిషాలు నేను మాట్లాడతా. 1933 మార్చి 28న గోబెల్స్ కైజర్‌హోఫ్ హోటల్లో సినిమావాళ్ళని కూర్చోబెట్టి స్పీచ్ దంచాడు, మర్నాడే ఉఫా అనే పెద్ద జర్మన్ సినిమా కంపెనీ బోర్డు మీటింగ్ పెట్టుకుని ఒక్కో యూదు ఉద్యోగి పేరూ తీసి ఎవర్ని పనిలోంచి తీసెయ్యాలో మినిట్స్‌లో రాసుకుంది. కంపెనీకి కాసులు కురిపించిన ప్రొడ్యూసర్ ఎరిక్ పొమ్మర్ పేరు కూడా ఉంది అందులో. సినిమాల్లో ఎవరు పనిచెయ్యొచ్చో తేల్చే నాజీల ఫిల్మ్ ఛాంబర్ పెట్టిందే జులైలో, వీళ్ళు అప్పటిదాకా కూడా ఆగలేదు. మన మినిట్స్ రాసేది నేనే కదా, అందుకేనేమో నాకిదే ఎక్కువ గుచ్చుకుంది.

పిల్లల టీమ్: యూదు నటుడు, డైరెక్టర్ కర్ట్ గెరాన్ సంగతి కూడా చెప్తారా? అదే ఏడాది ఏప్రిల్ 1న షూటింగ్ మధ్యలో సెట్ మీంచి వెళ్ళగొట్టారుగా. కానీ ఆ తర్వాతది, 1944లో టెరెజిన్ క్యాంపులో ఆయనతోనే బలవంతంగా ప్రచార సినిమా తీయించి ఆష్‌విట్జ్‌కి పంపి చంపడం, ఆరేళ్ళ పిల్లల ముందొద్దు ప్లీజ్.

కోఆర్డినేటర్: కరెక్టే. మాటలప్పుడు చిన్నవాళ్ళని పక్క రూంలో డ్రాయింగ్‌కి కూర్చోబెట్టు, సినిమాకి తీసుకొచ్చెయ్. కానీ పెద్దవాళ్ళకి మాత్రం చివరిదాకా చెప్తా, దాన్ని మెత్తగా చెయ్యను.

సౌండ్ టీమ్: మూకీ అయితే మధ్యలో వచ్చే జర్మన్ అక్షరాలు, జర్మన్ రాని పెద్దవాళ్ళకెలా?

కోఆర్డినేటర్: మైకులో తెలుగులో చదివేద్దాం, మగ గొంతొకటి ఆడ గొంతొకటి కావాలి. యాంకరింగ్ లాగా కాకుండా మామూలుగా చదివేవాళ్ళు చెప్పండి.

ఫుడ్ టీమ్: ఆడ గొంతు నేను. ఇడ్లీ 200 చాలా?

కోఆర్డినేటర్: 250 చెయ్యక్కా, పోయినసారి లాస్ట్‌లో వచ్చినవాళ్ళకి ఒట్టి చట్నీయే మిగిలింది.

సౌండ్ టీమ్: ఒక ఐడియా. పొద్దున్నే ఆకాశవాణిలో వచ్చే ట్యూన్ లేదూ, అది వాల్టర్ కాఫ్‌మన్ కట్టిందంటారు, బెర్లిన్‌లో చదువుకున్న యూదుడే, 1934లో బొంబాయి వచ్చి అక్కడ సినిమాలక్కూడా పనిచేశాడు. మా పాప వయొలిన్ మీద అదే నేర్చుకుంటోంది. దాంతో మొదలుపెడదామా?

కోఆర్డినేటర్: పెట్టేద్దాం! ఎన్ని నిమిషాలు?

సౌండ్ టీమ్: రేడియోలో అయితే నిమిషం కూడా ఉండదనుకుంటా. మా పాపకి రెండు వెయ్యండి.