ఇల్లు దాటని కుక్కకు ఏటా టీకాలు అవసరమా?

డాబా_లాబ్: మాది నాలుగేళ్ల లాబ్రడార్. మూడో అంతస్తు, తిరుగుడంతా డాబా మీదే. ఏటా రేబిస్‌తో పాటు సెవెన్ ఇన్ వన్ (ఏడింటికి కలిపి వేసే ఒకే టీకా) కూడా వేయించమని క్లినిక్ నుంచి మెసేజ్‌లు. డబ్ల్యూఎస్‌ఏవీఏ అనే అంతర్జాతీయ పశువైద్య సంఘం మాత్రం పార్వో, డిస్టెంపర్ అనే వైరస్ జబ్బులకు మూడేళ్లలోపు మళ్లీ అక్కర్లేదంటోంది. ఇది వ్యాపారం కాక ఏంటి?

బెజవాడ_బుజ్జి: కొంత వ్యాపారమేనండీ, కాదనను. కానీ ఆ మూడేళ్ల మాట చిన్నప్పటి డోసులు సరిగ్గా పడిన కుక్కలకే. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు ఉన్నన్నాళ్లూ పిల్లకు టీకా పట్టదు. అందుకే 6-8 వారాలకు మొదలుపెట్టి 16 వారాలు నిండేదాకా వేస్తారు, ఏడాదిలోపు బూస్టర్. మీవాడి టీకాల పుస్తకం తీసి చూడండి. పైగా ఆ సెవెన్ ఇన్ వన్‌లో లెప్టో (లెప్టోస్పైరోసిస్) టీకా కూడా ఉంటుంది, దానికి ఏటా వేయాల్సిందే. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లతో వచ్చే జబ్బు, మనకూ అంటుతుంది. వానాకాలం మీ డాబా మీద నీళ్లు నిలవవా?

డాబా_లాబ్: నిలుస్తాయి. అయితే లెప్టో ఒక్కటే వేయించొచ్చుగా?

బెజవాడ_బుజ్జి: అడగండి. రేబిస్, లెప్టో కలిపిన టీకా ఉంది, కాకపోతే అన్నిచోట్లా దొరకదు.

డల్లాస్_తెలుగు: మా దగ్గర అమెరికాలో చాలా రాష్ట్రాల్లో రేబిస్ కూడా మొదటి ఏడాది తర్వాత మూడేళ్లకోసారే.

బెజవాడ_బుజ్జి: మీ దగ్గర కుక్కల నుంచి కుక్కలకు వ్యాపించే రేబిస్ లేదు. ఇక్కడ లిఫ్ట్ దిగగానే వీధి కుక్కలు. లక్షణాలు మొదలయ్యాక మందు లేని రోగంతో బేరాలొద్దు. డబ్బు ఇబ్బందైతే ఏటా జులై 6న జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం, ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తారు.

పిడుదుల_పద్మ: సూదుల గురించే కొట్టుకుంటున్నారు గానీ, పిడుదులు కుట్టి వచ్చే టిక్ ఫీవర్ మాటెత్తరే? దానికి ఇక్కడ టీకానే లేదు. పిడుదులు గోడ పగుళ్లలో గుడ్లు పెడతాయి, మూడో అంతస్తైనా వదలవు. రోజూ చెవి మడతలు, కాలి వేళ్ల సందులు వేలితో తడిమి చూడాలి. చిగుళ్లు తెల్లగా పాలిపోయి తిండి మానేస్తే వెంటనే రక్తపరీక్ష. నెలనెలా మెడ మీద వేసే చుక్కల మందు ఖర్చు ఆ చికిత్స ముందు ఎంత?

డాబా_లాబ్: పుస్తకం తీశా. చివరి డోసు 12వ వారంతోనే ఆపేశారు, అదీ ఇదే క్లినిక్! ముందు పార్వో, డిస్టెంపర్‌లకు యాంటీబాడీ పరీక్ష చేయించి, తక్కువుంటేనే వేయిస్తా. రేబిస్, లెప్టో ఈ నెలే. పద్మగారూ, ఆ చుక్కల మందు స్నానం చేయించిన రోజే వేయొచ్చా?

పిడుదుల_పద్మ: వద్దండీ. ముందూ వెనకా రెండు రోజులు ఆగండి.