స్విఫ్ట్ మీద స్పోర్ట్స్ కారు ఆకారం ఫైబర్ బాడీ: ప్లగ్ మొదలుపెట్టే ముందు డ్రాయింగ్‌లో తప్పులు చెప్పండి

అరండల్‌పేట డ్రాఫ్టింగ్:

అందరికీ నమస్తే. 2008 స్విఫ్ట్ 1.3 పెట్రోల్ మీద ఫైబర్ బాడీ కన్వర్షన్ గీస్తున్నాను. బయటి దేశాల్లో రెండో తరం టొయోటా ఎంఆర్2 మీద ఫెరారీ ఎఫ్355 ఆకారం కిట్లు వేస్తారు కదా. ఎంఆర్2 వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల సెంటర్ల మధ్య దూరం) 2400 మి.మీ., స్విఫ్ట్‌ది 2390. పది మిల్లీమీటర్లే తేడా కాబట్టి అదే దామాషా ఇక్కడా కుదురుతుందని లెక్క వేసుకున్నాను.

మారేవి: ముందు బంపర్, బానెట్, రెండు ఫెండర్లు, వెనక క్వార్టర్ ప్యానెళ్లు (వెనక డోరు తర్వాత ఉండే పక్క రేకులు), వెనక బంపర్. డోర్లు, అద్దాలు, టాపు కంపెనీవే. ఒక్కో వైపు 70 మి.మీ. వెడల్పు పెరుగుతుంది. బానెట్ ముందు అంచు 120 మి.మీ. కిందికి దించాను. హెడ్‌లైట్ల కింది అంచు నేల నుంచి 460 మి.మీ. దగ్గర వచ్చింది. వెనక క్వార్టర్ రేకు కోసేసి ఫైబర్ పెడదామని ఆలోచన.

ప్లగ్ (అసలు ఆకారం నమూనా) థర్మకోల్‌తో చెక్కి, పైన పట్టీ (లప్పం) పూసి, దాని మీద డై (అచ్చు) తీద్దామనుకుంటున్నాను. బానెట్‌కి 450 మ్యాట్ (గ్లాస్ పోగుల చాప) మూడు పొరలు, ప్యానెళ్ల మధ్య గ్యాప్ 3 మి.మీ. ఫైబర్ పనికి గుంటూరు ఆటోనగరా, తెనాలా అన్నది ఇంకా తేల్చలేదు. బడ్జెట్ సంగతి తర్వాత, ముందు డిజైన్ నిలబడుతుందో లేదో చెప్పండి.

పటమట ఛాసిస్:

తమ్ముడూ, వీల్‌బేస్ కలిసింది గానీ బండి కలవలేదు. ఎంఆర్2లో ఇంజన్ సీట్ల వెనక ఉంటుంది. ముందు బానెట్ కింద రేడియేటర్, స్పేర్ టైరు తప్ప పెద్ద సామాను లేదు కాబట్టి మూతి ఎంత దించినా కుదురుతుంది. నీ స్విఫ్ట్‌లో ఇంజన్ ముందే అడ్డంగా కూర్చుని ఉంది, రెండు పక్కలా సస్పెన్షన్ స్ట్రట్ టవర్లు లేచి ఉన్నాయి. నువ్వు కొలవాల్సింది వీల్‌బేస్ కాదు. ముందు చక్రం సెంటర్ నుంచి ముందు అద్దం అడుగు వరకు ఎంత, ఇంజన్ మీద ఎత్తైన చోటు ఎక్కడ, స్ట్రట్ టాప్ ఎక్కడ అన్నవి కొలువు. బాడీ కన్వర్షన్‌లో బొమ్మ తర్వాత, ఈ హార్డ్ పాయింట్లు ముందు. వీటిని కాగితం మీద పెట్టి, వాటి చుట్టూ గీత గీయాలి. నువ్వు తిరగేసి చేశావు.

120 మి.మీ. దించొచ్చా లేదా అన్నది ఇప్పుడే తేల్చుకో. పిల్లలు ఆడుకునే ప్లాస్టిసిన్ మట్టి తెచ్చి, బొటనవేలంత ముద్దలు ఇంజన్ కవర్ మీద, బ్యాటరీ మీద, రెండు స్ట్రట్ టాపుల మీద, రేడియేటర్ పై పట్టీ మీద నిలబెట్టు. బానెట్ మెల్లగా మూసి, గట్టిగా నొక్కి, తెరువు. నలిగిన ముద్దను బ్లేడుతో నిలువుగా కోసి స్కేలుతో మందం చూడు. ఆ చోట నీకున్న ఖాళీ అంతే. అందులోంచి 25 మి.మీ. తీసెయ్, ఎందుకంటే యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజన్ మౌంట్ల మీద ఊగుతుంది. ఫైబర్ బానెట్ లోపలి రిబ్బు మందం ఇంకో 20 తీసెయ్. మిగిలినంతే దించగలవు. ముద్దలు బానెట్‌కి అంటుకుపోకుండా లోపల పాలిథిన్ కవరు అతికించుకో.

హెడ్‌లైట్లు 460 దగ్గర కుదరవు. డిప్ బీమ్ లైటు వెలిగే భాగం కింది అంచు నేల నుంచి కనీసం 500 మి.మీ. ఉండాలని ఈసీఈ (ఐక్యరాజ్యసమితి వాహన ప్రమాణాల) నియమం. చూపుకి కూడా అది అవసరమే, లైటు కిందికి పోయేకొద్దీ రోడ్డు మీద వెలుగు పడే దూరం తగ్గుతుంది. పాత స్పోర్ట్స్ కార్లకు లేచే హెడ్‌లైట్లు పెట్టడానికి ఇలాంటి ఎత్తు నియమాలే పెద్ద కారణం. కొత్త లైటు తయారు చేసుకోవద్దు. మార్కెట్లో దొరికే ఏదో ఒక కారు హెడ్‌లైట్ సెట్టు ముందే కొని, దాని చుట్టూ మూతి గీయి. డిజైన్ పూర్తయ్యాక లైటు వెతకడం మొదలుపెడితే ఫెండర్ మళ్లీ గీయాల్సి వస్తుంది.

వెనక క్వార్టర్ రేకు మాత్రం కోయొద్దు. బయట కిట్లు వేసే ఇంకో కారు పాంటియాక్ ఫియరో, దాని సంగతి వేరు. 1984 నుంచి 1988 దాకా వచ్చిన ఆ కారులో బరువంతా ఉక్కు స్పేస్‌ఫ్రేమ్ (లోపలి పంజరం) మోస్తుంది, ప్లాస్టిక్ ప్యానెళ్లు బయట బోల్టులతో ఉంటాయి. ప్యానెళ్లన్నీ విప్పేసినా బండి నడుస్తుంది. అందుకే కిట్ వేసేవాళ్లు దాని వెంట పడ్డారు. స్విఫ్ట్ మోనోకాక్, అంటే బాడీయే బరువు మోస్తుంది. ముందు ఫెండర్లు బోల్టులతో ఉంటాయి కాబట్టి విప్పొచ్చు, వెనక క్వార్టర్ వెల్డింగ్ చేసిన బాడీలో భాగం. టాపు నుంచి, సీ పిల్లర్ (టాపుని మోసే వెనక స్తంభం) నుంచి వచ్చే లోడు దాని గుండానే పోతుంది. కోస్తే డోర్ గ్యాపులు మారతాయి, వెనక అద్దం దగ్గర సీలు విడుతుంది, ఢీకొన్నప్పుడు ఆ వైపు నిలబడదు. రేకు అలాగే ఉంచి పైన తొడుగులా వెయ్యి. ముందూ వెనకా బంపర్ల లోపలి ఇనుప బీములు కూడా ముట్టుకోవద్దు.

70 మి.మీ. వెడల్పు ఎక్కువ. చక్రాలు లోపలే ఉండిపోయి, బాడీ గొడుగులా బయటికి కనిపిస్తుంది. దాన్ని కప్పిపుచ్చడానికి మందమైన స్పేసర్లు పెడితే బేరింగు మీద బరువు పెరుగుతుంది, గుంటల్లో స్టీరింగ్ చేతిలోంచి లాగుతుంది. ఒక్కో వైపు 25 నుంచి 30 చాలు. 4×100 పీసీడీలోనే (నాలుగు బోల్టులు, 100 మి.మీ. వృత్తం), ఇప్పుడున్న ఆఫ్‌సెట్ కంటే 15 తక్కువ ఉన్న వీల్స్ తీసుకో, చక్రం అంత బయటికి వస్తుంది. వీల్ ఆర్చ్ గీయడానికి ముందే, ముందు చక్రం స్ట్రట్‌లో స్ప్రింగ్ తీసి, చక్రాన్ని జాకీతో చివరి దాకా ఎత్తి, స్టీరింగ్ అటూ ఇటూ పూర్తిగా తిప్పి చూడు. టైరుకీ ఆర్చ్‌కీ మధ్య ఎక్కడా 25 మి.మీ.కి తగ్గకూడదు.

జెల్‌కోట్ 450:

ఛాసిస్ అన్న చెప్పినదానికి అడ్డు లేదు. ఫైబర్ సంగతి నేను చెప్తాను.

థర్మకోల్ మీద నేరుగా పాలియెస్టర్ పట్టీ గానీ రెజిన్ గానీ పడిందంటే గుంట పడుతుంది. రెజిన్‌లో ఉండే స్టైరీన్ థర్మకోల్‌ని కరిగించేస్తుంది. పైకి పట్టీ గట్టిగానే కనిపిస్తుంది, లోపల బోలు. డై తీసే రోజు నొక్కుకుపోతుంది. థర్మకోలే కావాలంటే పైన ఎపాక్సీ రెజిన్‌తో పల్చటి గ్లాస్ క్లాత్ రెండు పొరలు వేసి, అది పూర్తిగా ఆరాక పట్టీకి వెళ్లండి. పీయూ (పాలీయురేథేన్) ఫోమ్ అయితే ఈ గొడవ లేదు. 12 మి.మీ. ప్లైవుడ్‌లో అడ్డకోతలు కోసి 150 మి.మీ.కి ఒకటి నిలబెట్టి, మధ్యలో ఫోమ్ నింపితే ఆకారం తప్పదు. ఎడమ వైపు టెంప్లేట్లనే తిప్పి కుడి వైపు వాడండి. కంటితో రెండు ఫెండర్లు ఒకేలా చెక్కడం ఎవరి వల్లా కాదు.

ప్లగ్ మీద చివరి ప్రైమర్ టూ-కే (హార్డనర్ కలిపి వాడే) పీయూ వేయించండి. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పట్టీ, ఎన్‌సీ పెయింటు వద్దు. డై జెల్‌కోట్ (అన్నిటికంటే ముందు పూసే రెజిన్ పై పొర) తగలగానే ముడతలు లేస్తాయి. వాటర్ పేపర్ 400 నుంచి 600, 1000, 1500 దాకా, తర్వాత పాలిష్. చీకటి షెడ్డులో ట్యూబ్‌లైట్ పక్కన పెట్టి ప్లగ్‌లో దాని ప్రతిబింబం చూడండి. గీత ఎక్కడ వంకర పోయిందో అక్కడ ఎత్తుపల్లం ఉన్నట్టు. ప్లగ్‌లో వదిలేసిన లోపం డైలో వస్తుంది, డై నుంచి తీసే ప్రతి ప్యానెల్‌లోనూ వస్తుంది.

డై వరస ఇది. వ్యాక్స్ 6 సార్లు, మధ్యలో గంట గంట గ్యాప్. పైన పీవీఏ (డై అంటుకోకుండా పూసే ద్రావణం) ఒక పల్చటి కోటు. టూలింగ్ జెల్‌కోట్ రెండు కోట్లు, మొత్తం 0.8 నుంచి 1 మి.మీ. తర్వాత 30 జీఎస్ఎం (చదరపు మీటరుకి 30 గ్రాముల) గ్లాస్ టిష్యూ, 300 మ్యాట్ ఒకటి, రాత్రంతా ఆగడం. ఆ తర్వాత రోజుకి 450 రెండేసి పొరల చొప్పున మూడు రోజులు. ఒకేరోజు ఆరు పొరలూ వేస్తే వేడికి డై వంకర పోతుంది. మందం 6 మి.మీ.కి తగ్గకూడదు. వెనక 25 మి.మీ. స్క్వేర్ పైపు ఫ్రేము డై పూర్తిగా గట్టిపడ్డాకే అతికించండి, లేకపోతే పైపు గీతలు ముందు వైపు అచ్చు పడతాయి. లోతైన బంపర్ ఒకే డైలోంచి ఊడిరాదు, రెండు మూడు ముక్కలుగా విడదీసి ఫ్లాంజ్‌లకు (ముక్కలు కలిసే అంచులకు) 150 మి.మీ.కి ఒక ఎం8 బోల్టు పెట్టండి. నిలువు గోడలకు కనీసం 3 డిగ్రీల వాలు ఉండాలి. మూలలు 6 మి.మీ. రేడియస్‌కి తక్కువ గీయకండి. మ్యాట్ అంత పదునుగా తిరగదు, మూలలో గాలి బుడగ మిగిలి, జెల్‌కోట్ గుడ్డు పెంకులా పగులుతుంది.

తెనాలిలో విగ్రహాలు చేసేవాళ్లకి మట్టి బొమ్మ నుంచి డై, డై నుంచి ఫైబర్ తీసే పని చేతి మీద ఉంది, ఫినిషింగ్ బాగా వస్తుంది. కానీ విగ్రహానికి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయినా ఇబ్బంది లేదు, బానెట్‌కి ఉంటుంది. కొలతల బాధ్యత మీరు తీసుకుని, డై దగ్గర మీరే ఉండాలి.

ఇక పొరలు. ఒక చదరపు మీటరుకి 450 మ్యాట్ ఒక పొర అంటే 450 గ్రాముల గ్లాసు, సుమారు 1 కిలో రెజిన్, ఆరాక దాదాపు 1 మి.మీ. మందం, 1.45 కిలోల బరువు. మూడు పొరలు 4.35 కిలోలు, జెల్‌కోట్ 0.6 కలిపితే 5 కిలోలు. 0.8 మి.మీ. ఇనుప రేకు చదరపు మీటరుకి 6.3 కిలోలు. అంటే మూడు పొరల బానెట్‌తో మీరు ఆశించేంత బరువు తగ్గదు, పైగా సాదా పలక కాబట్టి వేగంలో మధ్యలో ఊగుతుంది. రెండు పొరల పై చర్మం, లోపల రిబ్బులతో ఒక పొర రెండో చర్మం చేసి అతికించండి. బరువు దాదాపు అంతే, బిగువు చాలా ఎక్కువ. 1.3 చదరపు మీటర్ల బానెట్ పై చర్మానికి జెల్‌కోట్ 800 గ్రాములు, మ్యాట్ 1.2 కిలోలు, రెజిన్ 2.6 కిలోలు పడుతుంది. వృథా కింద 15 శాతం కలుపుకోండి.

అరండల్‌పేట డ్రాఫ్టింగ్:

థాంక్స్ అన్నా, థాంక్స్ అండి. క్వార్టర్ కోత డ్రాయింగ్‌లోంచి తీసేశాను, వెడల్పు 28కి తగ్గించాను. రెండు సందేహాలు. గ్యాప్ 3 ఉంచొచ్చా? తొడుగుని రేకుకి రివెట్లు కొడితే సరిపోతుందా? ఆర్టీఏ సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

పటమట ఛాసిస్:

గ్యాప్ 5 పెట్టుకో. మన ఎండలో 3 పెడితే పెయింటు రాసుకుంటుంది. మ్యాట్ ఫైబర్ ఇనుము కంటే రెట్టింపు పైగా వ్యాకోచిస్తుంది. 2 మీటర్ల పొడవున 40 డిగ్రీల తేడాకు ఇనుముకీ దానికీ మధ్య సుమారు 1.3 మి.మీ. కదలిక వస్తుంది. రివెట్లు కొట్టి బిగించేస్తే ఆ కదలిక పోయే చోటు లేక రంధ్రాల చుట్టూ నక్షత్రాల్లా పగుళ్లు లేస్తాయి. ముందు అద్దం అతికించే పీయూ గమ్ము వాడు, కింద 3 మి.మీ. రబ్బరు ముక్కలు పెట్టి గమ్ము మందం అంతే ఉండేలా చూడు. ఒక చివర మాత్రం గట్టిగా బోల్టు, మిగతా చోట్ల పొడుగు రంధ్రాలు, 25 మి.మీ. వాషర్లు. రేకు మీద గమ్ము పడే చోట తుప్పు లేకుండా ఎపాక్సీ ప్రైమర్ కొట్టించు, తొడుగు కింద నీరు నిలవకుండా అడుగున 8 మి.మీ. రంధ్రాలు వదులు.

బానెట్ లాక్ దగ్గర ఫైబర్‌ని నమ్మొద్దు. 2 మి.మీ. ఇనుప ప్లేటు పొరల మధ్య పెట్టి, లాక్ కొక్కెం ప్లేటుకి బోల్టు చెయ్యి. కంపెనీ సేఫ్టీ క్యాచ్ ఉంచి, అదనంగా రెండు బానెట్ పిన్నులు. సైలెన్సర్ పైపు నుంచి వెనక బంపర్‌కి 75 మి.మీ. దూరం, మధ్యలో అల్యూమినియం షీల్డ్. ఈ రెజిన్‌కి నిప్పు అంటుకుంటే ఆర్పడం కష్టం.

ఆర్సీ బుక్:

రూల్ సంగతి. మోటారు వాహనాల చట్టం 1988 సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకీ ఆర్సీలోని వివరాలకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరి 9 తీర్పులో ఇదే గట్టిగా చెప్పింది. సెక్షన్ 182ఏ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. ఇంటి దగ్గర కట్టిన బండిని ఒక్కదాన్నే పరీక్షించి రోడ్డెక్కించే ఐవీఏ పద్ధతి బ్రిటన్‌లో ఉంది. మన కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోని రూల్ 126 ప్రోటోటైప్ పరీక్ష తయారీదారులకి, దిగుమతిదారులకి ఉద్దేశించినది.

కాబట్టి మీ కిట్ విప్పదీసేలా ఉండాలి. కంపెనీ బంపర్లు, ఫెండర్లు, బానెట్ భద్రంగా దాచుకోండి. ముందు భాగాలన్నీ కంపెనీ బోల్టు రంధ్రాల్లోనే కూర్చోవాలి. వెనక తొడుగుకి పీయూ గమ్ము వేస్తే వైరుతో కోసి తీయాలి, అది తెలిసే వేయండి. కిట్ బిగించి ఉన్నప్పుడు బండి షోకి, సొంత స్థలానికి మాత్రమే, అక్కడికి ఫ్లాట్‌బెడ్ మీద. కిట్‌తో రోడ్డు మీద ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ నిలబడటం కష్టం. ఫెరారీ గుర్రం బొమ్మ బ్యాడ్జీ జోలికి వెళ్లకండి, అది ట్రేడ్‌మార్క్.

అరండల్‌పేట డ్రాఫ్టింగ్:

అర్థమైంది, షోకే పరిమితం. లాకుల దగ్గర ప్లేటు డ్రాయింగ్‌లో పెట్టేశాను. చివరిగా జెల్‌కోట్ 450 గారికి: పని మే నెలలో పడేలా ఉంది, హార్డనర్ తగ్గించి వేస్తే టైము దొరుకుతుందా? రంగు నలుపు అనుకుంటున్నాను.

జెల్‌కోట్ 450:

హార్డనర్ తగ్గించడమే అందరూ చేసే తప్పు. ఎంఈకేపీ (అదే హార్డనర్) కిలో రెజిన్‌కి 10 గ్రాములు, అంటే 1 శాతం కంటే కిందికి పోవద్దు. పోతే జెల్‌కోట్ పైకి ఆరినట్టుంటుంది, లోపల పచ్చిగా ఉంటుంది. దాని మీద రెజిన్ పడగానే స్టైరీన్ లోపలికి దిగి, జెల్‌కోట్ ఉబ్బి, డై వదిలి లేచి, మొసలి తోలులా ముడతలు పడుతుంది. 0.3 మి.మీ. కంటే పల్చగా పూసినా ఇదే జరుగుతుంది. వేలితో తాకి చూడండి: జిగటగా తగలాలి, వేలికి రంగు అంటకూడదు. అప్పుడే మ్యాట్ వేయాలి. ముడత పడిన ప్యానెల్‌ని పట్టీతో సరిచేయలేరు, జెల్‌కోట్ గీకి పారేయాలి.

టైము కావాలంటే తగ్గించాల్సింది కోబాల్ట్ యాక్సిలరేటర్ (రెజిన్ త్వరగా గట్టిపడటానికి కలిపేది). నెమ్మదిగా గట్టిపడే రెజిన్ ఇమ్మని షాపులోనే అడగండి. కోబాల్ట్‌నీ ఎంఈకేపీనీ నేరుగా ఎప్పుడూ కలపొద్దు, పేలుతుంది. కోబాల్ట్ ముందు రెజిన్‌లో బాగా కలిపి, ఆ తర్వాతే హార్డనర్. రోహిణీ కార్తెలో పగలు పని పెట్టుకోకండి. తెల్లవారుజామున 5కి మొదలుపెట్టి 8కి ఆపండి. ఒకసారికి 500 గ్రాములే కలిపి వెడల్పాటి ట్రేలో పోయండి, మగ్గులో పోస్తే కలిపిన వేడికే పొగలు వస్తాయి. ఆగస్టుకి వాయిదా పడితే మ్యాట్ కట్టలు పాలిథిన్‌లో మూసి పెట్టండి. తడి పట్టిన మ్యాట్ రెజిన్ పీల్చదు, తెల్లగానే ఉండిపోతుంది.

నలుపు వద్దు. ఎండలో నిలిపిన నల్ల బానెట్ 70 డిగ్రీలు దాటుతుంది, మామూలు జీపీ (జనరల్ పర్పస్) రెజిన్ మెత్తబడటం మొదలయ్యేది దాదాపు అక్కడే. మూడు నెలలకి మ్యాట్ పోగులు పెయింటు పైకి తేలి కనిపిస్తాయి. బానెట్‌కీ పై భాగాలకీ వేడిని ఎక్కువ తట్టుకునే ఐసోఫ్తాలిక్ రెజిన్ వేయించి, ప్యానెల్‌ని డైలోనే రెండు రోజులు ఉంచి, బయటికి తీశాక కారుకే బిగించి వారం పాటు ఎండలో పెట్టండి. కుంచించుకునేదంతా ఆ వారంలో కుంచించుకోనిచ్చి, అప్పుడు ప్రైమర్. రంగు తెలుపో, పసుపో, లేత వెండి రంగో చూసుకోండి.