24 మూలకాల గ్రూపు: సైలో లెక్క 30 ఎందుకొస్తోంది?

పర్లాకిమిడి, ఎమ్మెస్సీ:
పెద్దలకు నమస్కారం. 24 మూలకాల గ్రూపు సింపుల్ (ఐడెంటిటీ, తానూ తప్ప వేరే నార్మల్ సబ్‌గ్రూపు, అంటే కాంజుగేట్ చేసినా మారనిది, లేని గ్రూపు) కాదని ఇలా రాశాను. సింపుల్ అయితే 3-సైలోలు (3 మూలకాల సబ్‌గ్రూపులు) 4, 2-సైలోలు (8 మూలకాలవి) 3 ఉండాలి. 4×2=8, 3×7=21, ఐడెంటిటీతో మొత్తం 30. 24 దాటింది కనుక కుదరదు. కానీ ఎస్4లో (నాలుగు వస్తువుల పర్ముటేషన్ల గ్రూపు, 24 మూలకాలు) 3-సైలోలు నాలుగూ, 2-సైలోలు మూడూ ఉన్నాయి కదా! తప్పెక్కడ? ఫైనైట్ గ్రూపుల్లోనే పరిశోధన చేయాలని ఉంది. ఈ రంగంలో పేరున్న జాన్ థాంప్సన్ లాంటివాళ్ల పని అర్థం కావాలంటే ముందు ఏం చదవాలి?

బరంపురం:
తప్పు 3×7 దగ్గరే, తమ్ముడూ. సైజు ప్రధాన సంఖ్య అయితేనే రెండు వేర్వేరు సబ్‌గ్రూపులు ఐడెంటిటీ దగ్గర మాత్రమే కలుస్తాయని హామీ. 8 మూలకాలవాటికి ఆ హామీ లేదు. ఎస్4లో మూడు 2-సైలోలకూ ఉమ్మడిగా 4 మూలకాల క్లైన్ గ్రూపు ఉంది. దాన్ని ఒక్కసారే లెక్కపెట్టు: ఉమ్మడివి 4, ఒక్కోదానికి సొంతంగా 4 చొప్పున 12, వెరసి 16. 3 ఆర్డర్‌వి 8 కలిపితే సరిగ్గా 24.

రుజువు ఇలా మార్చు. పి, క్యూ రెండు వేర్వేరు 2-సైలోలు అనుకో. పిక్యూ సైజు అంటే 64ని ఉమ్మడి భాగం సైజుతో భాగించినది. అది 24 దాటకూడదు, కాబట్టి ఉమ్మడి భాగం 4. పిలో, క్యూలో దాని ఇండెక్స్ 2, అందుకే రెండింటిలోనూ నార్మల్. అంటే దాని నార్మలైజర్‌లో (కాంజుగేట్ చేసినా దాన్ని మార్చని మూలకాల సబ్‌గ్రూపులో) పి, క్యూ రెండూ ఉంటాయి, కనీసం 16 మూలకాలు. 24ని భాగిస్తూ 16కి తగ్గని సంఖ్య 24 ఒక్కటే. నార్మల్ సబ్‌గ్రూపు దొరికింది!

నీ లెక్కింపు 56 మూలకాల గ్రూపుకి చక్కగా పనిచేస్తుంది. 7-సైలోలు 8 ఉంటే 48 మూలకాలు పోతాయి, మిగిలిన 8లో 2-సైలో ఒక్కటే పడుతుంది.

రాయగడ:
పైన చేసిన పనే, సైలోల ఉమ్మడి భాగం పట్టుకుని దాని నార్మలైజర్‌లోకి దిగడం, థాంప్సన్ పద్ధతికి బీజం. ఆయన 1959 థీసిస్ ఫ్రోబేనియస్ కెర్నల్ (ఫ్రోబేనియస్ గ్రూపుల్లో ఉండే ఒక నార్మల్ సబ్‌గ్రూపు) నిల్‌పోటెంట్, అంటే తన సైలోల డైరెక్ట్ ప్రొడక్ట్, అని తేల్చింది. 1963లో వాల్టర్ ఫైట్‌తో కలిసి బేసి ఆర్డర్ (మూలకాల సంఖ్య) గ్రూపులన్నీ సాల్వబుల్, అంటే ఏబెలియన్ పొరలుగా విడదీయగలిగేవి, అని నిరూపించారు, 255 పేజీలు. 1970లో ఫీల్డ్స్ పతకం, 2008లో టిట్స్‌తో కలిసి ఏబెల్ బహుమతి.

ఆ 255 పేజీల్లోకి ఇప్పుడే దిగకండి. గ్రూప్ యాక్షన్లు, ట్రాన్స్‌ఫర్, ఆ తర్వాత క్యారెక్టర్లు (గ్రూపు మూలకాలను మాట్రిక్సులుగా చూసినప్పటి ట్రేస్‌లు). క్యారెక్టర్లు వదిలేస్తే ఫైట్ చేసిన సగం అందదు. రెండే ప్రధాన సంఖ్యలతో భాగించబడే ఆర్డర్ ఉన్న గ్రూపులు సాల్వబుల్ అన్న బర్న్‌సైడ్ 1904 రుజువు పూర్తిగా రాసి చూసుకోండి, క్యారెక్టర్ల బలం తెలుస్తుంది.

గుణుపూర్:
గ్రూపుల లెక్కలు చేసే గ్యాప్ సాఫ్ట్‌వేర్ ఉచితం. 24 ఆర్డర్ గ్రూపులు 15; ఒక్కోదానికీ సైలోల సంఖ్య తీయండి. నాలుగూ మూడూ కలిసొచ్చేది ఎస్4 ఒక్కదాంట్లోనే. పీహెచ్‌డీకి బరంపురం ఐసర్, భువనేశ్వర్ నైసర్ రెండూ మనకి దగ్గరే, కానీ అక్కడ గ్రూపులపై పనిచేసే గైడ్ ఉన్నారో లేదో చూశాకే దరఖాస్తు పెట్టండి.